గుత్తి నుంచి డెమరారాకు

*పార్లమెంటు బెంచీ మీది నుంచి మద్రాసు గవర్నరు కుర్చీకి వచ్చిన దొర ఒకరు. మద్రాసు కౌన్సిలు నుంచి సముద్రాలు దాటి కూలీల ఇళ్లు చూడబోయిన గుత్తి ప్లీడరు ఇంకొకరు. ఒకే కరువు నేలతో ముడిపడ్డ రెండు రాయబారాలివి.*

అనంతపురం జిల్లా 1882 జనవరిలో పుట్టింది. బళ్లారి మరీ పెద్దదైపోయింది, ఒక కలెక్టరు వల్ల అయ్యే పని కాదని తేలాక గుత్తి, తాడిపత్రి, ధర్మవరం, పెనుకొండ, మడకశిర వైపు తాలూకాలను విడదీసి అనంతపురం కింద పెట్టారు. కదిరి అప్పటికింకా కడపలోనే ఉంది. మన లెక్కలోకి 1910లో వచ్చింది.

కొత్త జిల్లా కాగితాలు కదిలిన నాటికి మద్రాసు గవర్నరుకు ఆ కుర్చీ రెండు నెలల పాతది. అంతకుముందు ఇరవై నాలుగేళ్లు ఆయన బ్రిటిష్ పార్లమెంటులో సభ్యుడు. స్కాట్లండులోని ఎల్గిన్ బర్గ్స్ ఆయన నియోజకవర్గం. పేరు మౌంట్‌స్టువర్ట్ ఎల్ఫిన్‌స్టన్ గ్రాంట్ డఫ్.

ఈ పేరు మా జిల్లాలో ఎవరికీ పట్టదు. దొర అంటే మాకు మన్రో ఒక్కడే. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా 1800 నుంచి ఏడేళ్లు అనంతపురంలో కూచుని రైతు పేరున పట్టా రాసినవాడు. కన్నబిడ్డకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు ఇక్కడి జనం. గ్రాంట్ డఫ్ పేరు మాత్రం ఎవరూ ఏ బిడ్డకీ పెట్టినట్టు వినలేదు. ఎందుకు పెట్టలేదో తెలుసుకోవాలంటే ఆయన రాకముందు ఈ నేల ఎలా ఉందో చూడాలి.

ధాత తర్వాత

మా పక్క ముసలివాళ్లు కరువులను సంవత్సరాల పేర్లతో గుర్తుపెట్టుకుంటారు. 1876లో వచ్చింది ధాత కరువు. మరుసటి ఈశ్వర దాకా అది కదల్లేదు. పడమటి కనుమలు నైరుతి మబ్బును అడ్డుకుంటాయి, ఈశాన్య మబ్బు ఇక్కడికి చేరేసరికి చెమ్మ తప్ప ఏమీ మిగలదు. ఏడాది మొత్తానికి అయిదు వందల పైచిలుకు మిల్లీమీటర్ల వాన పడే చోట అది కూడా ఎగ్గొడితే కొర్రా లేదు, జొన్నా లేదు.

అయితే ఈ కరువులో ఒక చిత్రం ఉంది. తాడిపత్రి, గుత్తి మీదుగా రాయచూరు పోయే మద్రాసు రైలు దారి 1871కే పూర్తయింది. అంటే గింజలు రావడానికి దారి ఉంది, వచ్చాయి కూడా. రైతు దగ్గర కొనడానికి డబ్బు లేదు. కరువు పనులకు పోయినవాడి కూలీని ఢిల్లీ వైపు నుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో మగవాడికి రోజుకు పౌను గింజలు, పైన కొద్ది చిల్లరకు దించాడు. అది ప్రాణం నిలిపే తిండి కాదని మద్రాసు శానిటరీ కమిషనరు కోర్నిష్ పోట్లాడాడు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య మన తాలూకాల్లో మనుషులు సుమారు అయిదో వంతు తగ్గిపోయారు.

గ్రాంట్ డఫ్ చేతికి వచ్చిన కొత్త జిల్లా ఇదీ.

రెండు పౌన్ల మాట

ఆయన వంశమే రాయబారుల వంశం. తండ్రి జేమ్స్ గ్రాంట్ డఫ్ పీష్వాలు పడిపోయాక సతారా రాజు దగ్గర కంపెనీ మనిషిగా కూచున్నాడు. అక్కడి దఫ్తరాలు తిరగేసి 1826లో మరాఠాల చరిత్ర అచ్చువేశాడు. పూనాలో రెసిడెంటుగా ఉండి తర్వాత బొంబాయి గవర్నరైన ఎల్ఫిన్‌స్టన్ పేరే కొడుక్కి పెట్టుకున్నాడు. కొడుకు ఆక్స్‌ఫర్డులో చదివి, బారిస్టరై, 1857 డిసెంబరులో, అంటే ఢిల్లీ కూలిన మూడు నెలలకు, పార్లమెంటుకు వెళ్లాడు. ఐరోపా రాజకీయాలంటే ప్రాణం. దేశదేశాల మంత్రులతో ఉత్తరాలు, ఏటా ఎల్గిన్ ఓటర్లకు ప్రపంచ సంగతులన్నీ వల్లించే ఉపన్యాసం. ఆ చేపల రేవుల ఓటర్లు ఎంత ఓపికగా విన్నారో నాకు అనుమానమే.

గ్లాడ్‌స్టన్ మొదటి ప్రభుత్వంలో, 1868 నుంచి 1874 దాకా, ఆయన ఇండియా వ్యవహారాల ఉపమంత్రి. అసలు మంత్రి ఆర్గైల్ డ్యూకు ప్రభువుల సభలో ఉండేవాడు గనుక కామన్స్‌లో ఇండియా తరఫున నోరు విప్పాల్సింది ఈయనే. అలా విప్పిన ఒక రోజున, 1871లో, ఒక లెక్క చెప్పాడు. ఇంగ్లండులో మనిషికి సాలీనా ఆదాయం ముప్పై పౌన్ల దాకా ఉంటే బ్రిటిష్ ఇండియాలో రెండు పౌన్లు. అప్పటి మారకంలో ఇరవై రూపాయలు. ఇక్కడ వేసినట్టు అక్కడ పన్నులు వేయలేమని సభకు చెప్పడానికి వాడిన అంకె అది. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. కానీ అంకె నోరు జారితే వెనక్కి రాదు. లండన్‌లో ఉన్న దాదాభాయి నౌరోజీ దాన్ని చెవిన వేసుకున్నాడు. 1876లో తన సొంత లెక్కలు వేసుకుని, భారతీయుడి ఆదాయం ఇరవై రూపాయలేనని, అది కూడా దేశం దాటిపోతోందని వాదించాడు.

మధ్యలో ఇంకో ముచ్చట ఉంది. అనంతపురం వాడిగా అది చెప్పకుండా ఉండలేను. జర్మనీ యువరాజును పెళ్లాడిన విక్టోరియా రాణి పెద్ద కూతురికి కార్ల్ మార్క్స్ ఎలాంటివాడో తెలుసుకోవాలనిపించి గ్రాంట్ డఫ్‌ను అడిగింది. 1879 జనవరి 31న డెవన్‌షర్ క్లబ్బులో ఆయన మార్క్స్‌తో భోజనానికి కూచున్నాడు. మూడు గంటలు మాట్లాడుకున్నారు. మరునాడే యువరాణికి ఉత్తరం రాశాడు. పోలీసులు అనుకునేటట్టు ఉయ్యాలలో పిల్లల్ని మింగే రకం కాదట, చదువుకున్నవాడట, రష్యాలో పెద్ద కూలుడు త్వరలోనే ఉందని అంటున్నాడట. ఆయుధాలు తగ్గించుకుందామని రాజులు ఒప్పుకోవచ్చు కదా అని తాను అంటే, భయాలూ అసూయలూ అలా జరగనివ్వవని మార్క్స్ అన్నాడట. అంతా రాసి చివరికి, ఈ మనిషి వల్ల లోకం తలకిందులు కాదని తేల్చాడు. రాయబారి ఉద్యోగం ఎన్నడూ చేయని మనిషి రాసిన అచ్చమైన రాయబారి నివేదిక అది. చూపు చురుకైనది, తీర్పు తప్పు. ఆ భోజనం చేసిన మనిషి గవర్నరుగా ఉండగా ఏర్పడ్డ జిల్లాలోనే 1917లో తరిమెల నాగిరెడ్డి పుట్టాడు. 1952లో జైల్లో ఉండి అనంతపురంలో నీలం సంజీవరెడ్డి మీద గెలిచాడు, 1957లో పార్లమెంటుకు వెళ్లాడు, 1969లో శాసనసభకు రాజీనామా ఇచ్చి బయటికి నడిచాడు. మార్క్స్ మాట ఎంత దూరం పోతుందో క్లబ్బులో కూచున్న దొరకు అంతుపట్టలేదు.

మద్రాసులో ఆయన అయిదేళ్లూ దండగ పోయాయని అనను. కరువు వస్తే ప్రభుత్వం ఏం చేయాలో చెప్పే కరువు నిబంధనలు 1883లో రూపు కట్టాయి. స్థానిక బోర్డుల చట్టం 1884లో వచ్చింది. మద్రాసు సముద్రపు ఒడ్డున బాట వేయించి, సిసిలీ జ్ఞాపకంతో దానికి మెరీనా అని పేరు పెట్టింది కూడా ఆయనే. అయితే అటవీ చట్టం కూడా ఆయన హయాంలోనిదే, 1882లో. గొర్రెల మందతో బతికే కురుబలకు, కంచె లేని గుట్టల మీద పశువుల్ని వదిలే రైతులకు ఆ చట్టం ఎలా తగిలిందో మా వైపు వేరే చెప్పనక్కర్లేదు. నిన్నటిదాకా గుట్ట ఊరిది, ఇవాళ సర్కారుది. మేపితే పుల్లరి, కట్టె కొడితే కేసు. అదే ఏడాది సేలంలో అల్లర్లు జరిగితే విజయరాఘవాచారి లాంటి పెద్దమనుషుల్ని కూడా జైలుకు పంపారు. హైకోర్టు ఆయన్ని నిర్దోషి అంది. హిందూ పత్రిక గవర్నరును దులిపేసింది.

1886 డిసెంబరులో గ్రాంట్ డఫ్ ఓడెక్కాడు. వెళ్లీ వెళ్లగానే, ఇండియా చూసొచ్చి అక్కడి పేదరికం గురించి రాసిన శామ్యూల్ స్మిత్ అనే ఎంపీకి కాంటెంపరరీ రివ్యూ పత్రికలో జవాబిచ్చాడు. ఇంత పెద్ద దేశాన్ని, ఇంత జనాన్ని ఇంత చవకగా పాలించే ప్రభుత్వం భూమ్మీద ఇంకోటి లేదన్నది ఆయన వాదం. 1887లో నౌరోజీ అదే పత్రికలో రెండు వ్యాసాలతో బదులు తీర్చుకున్నాడు. చవక ఎవరికి? రెండు పౌన్ల వాడి మీద వేసిన పన్ను, ముప్పై పౌన్ల వాడి మీద వేసిన పన్ను ఒకే బరువా? రెండు పౌన్ల లెక్క చెప్పింది తమరే కదా? లెక్క నాకూ ఒకటి తోస్తుంది. మద్రాసు గవర్నరు జీతం ఏడాదికి లక్ష రూపాయల పైమాటే. ఆ ఇరవై రూపాయల చొప్పున చూస్తే అయిదు వేల మంది ఏడాది బతుకు. హిందూపురం, తాడిపత్రి లాంటి ఊళ్లలో అప్పట్లో ఎంతమంది ఉండేవారో ఊహించుకోండి. నౌరోజీ 1892లో లండన్‌లోని ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి తానే ఎంపీ అయ్యాడు.

పద్యనాటకం తెల్లవార్లూ చూసి పెరిగిన వాళ్లకు రాయబారాలు రెండు రకాలని తెలుసు. సంజయ రాయబారంలో తీపి మాటలుంటాయి, ధర్మం ఉంటుంది, ధృతరాష్ట్రుడి ప్రేమ ఉంటుంది, పాండవులకు ఇచ్చే ఊరొక్కటి ఉండదు. గ్రాంట్ డఫ్ జీవితమంతా సంజయుడి పనే. ఇండియా గురించి పార్లమెంటుకు, పార్లమెంటు గురించి ఇండియాకు చెప్పడం. కోట ఎప్పుడూ హస్తినే. రెండో రకం రాయబారం గుత్తి నుంచి వెళ్లింది.

గుత్తి ప్లీడరు

గ్రాంట్ డఫ్ మద్రాసులో ఉన్న రోజుల్లోనే గుత్తిలో పట్టు కేశవ పిళ్లై అనే కుర్రవాడు కోర్టు గుమాస్తా పని వదిలి ప్లీడరయ్యాడు. పుట్టింది 1860లో. హిందూ పత్రికకు గుత్తి నుంచి వార్తలు రాసేవాడు. 1885 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెసు తొలి సభకు చేరిన డెబ్బై రెండు మందిలో ఈ పాతికేళ్ల గుత్తి మనిషి ఉన్నాడు. కరువు సీమ నుంచి అంత దూరం పోవడమంటే అప్పటికి చిన్న సంగతి కాదు. రైలు ఉండడం ఆయనకు పనికొచ్చింది.

ఆయనకు పేరు తెచ్చింది మాత్రం గుంతకల్లు గేటు. 1893లో రైలు మీద వచ్చిన తెల్ల సోల్జర్లు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడితే, అడ్డం నిలిచిన గేట్‌కీపరు హంపన్నను కాల్చేశారు. హంపన్న చనిపోయాడు. కేసు మద్రాసు దాకా పోయింది, నిందితుడు విడుదలయ్యాడు. కేశవ పిళ్లై ఆ సంగతిని పత్రికకెక్కించాడు. తీర్పు ఎలా ఉన్నా జనం హంపన్నకు రాయి నిలిపారు. ఇవాళ్టికీ ఆ సమాధి దగ్గర ఆగి దండం పెట్టుకునేవాళ్లున్నారు.

1909 సంస్కరణల తర్వాత ఆయన మద్రాసు కౌన్సిలులోకి వచ్చాడు. అక్కడ లేచిన ప్రతిసారీ దాదాపు ఒకే పాట: అడవి, మేత, పుల్లరి, ఫారెస్టు గార్డు జులుం. ఇంటింటి పంచాయితీ లాంటి ఈ విషయాలు వినీ వినీ మిగతా సభ్యులు విసుక్కునే ఉంటారు. అయితే 1912లో ప్రభుత్వం అటవీ కమిటీ వేయక తప్పలేదు. మేత అడవులను ఊరి పంచాయతీలకు అప్పగించాలన్న మాట ఆ చర్చల్లోంచే బయటికి వచ్చింది. 1917లో జస్టిస్ పార్టీకి పోటీగా బ్రాహ్మణేతర జాతీయవాదులు మద్రాస్ ప్రెసిడెన్సీ అసోసియేషన్ పెట్టుకుంటే అధ్యక్షుడు ఈయన, ఉపాధ్యక్షుల్లో ఒకరు ఈరోడ్ రామస్వామి నాయకర్. 1920 ఎన్నికల తర్వాత కౌన్సిలుకు ఉపాధ్యక్షుడయ్యాడు. దివాన్ బహదూర్ బిరుదు ఉంది. అరవై దాటింది. ఇక ఇంట్లో కూచుని మనవళ్లను ఆడించుకోవలసిన వయసు.

నీళ్లలో మునిగిన దేశం

సరిగ్గా అప్పుడు ప్రభుత్వం ఆయన్ని ఓడెక్కించింది. దక్షిణ అమెరికా ఒడ్డున బ్రిటిష్ గయానా. చక్కెర తోటల దేశం. ఆ తోటలకు మనవాళ్లను తీసుకుపోవడం 1838లో మొదలైంది. బానిసత్వం రద్దయ్యాక కూలీల కోసం వెతికిన తోటల యజమానుల్లో ముందున్నవాడు జాన్ గ్లాడ్‌స్టన్. గ్రాంట్ డఫ్‌ను ఇండియా ఉపమంత్రిని చేసిన ప్రధానమంత్రికి కన్నతండ్రి. ఎక్కడి తీగ లాగితే ఎక్కడి డొంక కదిలిందో చూడండి. 1917లో ఒప్పంద కూలీల రవాణా ఆగేదాకా రెండు లక్షల నలభై వేలకు కాస్త తక్కువ మంది అక్కడికి పోయారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి. మద్రాసు రేవు నుంచి ఎక్కిన తెలుగు, తమిళ జనానికి అక్కడ మద్రాసీలని పేరు. మారెమ్మ కొలుపును వాళ్లు అక్కడా విడవలేదు.

రవాణా ఆగడంతో తోటలకు చేతుల కరువు పట్టింది. గయానా పెద్దలు కొత్త ప్లాను వేశారు. కూలీలని అనరట, కాపురాలతో సహా వలస రండి, భూమి ఇస్తాం అంటారట. దీన్ని నమ్మవచ్చా, కూడదా అని చూసి రావడానికి 1922లో ఇండియా ప్రభుత్వం ముగ్గురిని పంపింది: కేశవ పిళ్లై, ఉత్తరాది నుంచి వెంకటేశ్ నారాయణ్ తివారి, ఐసీఎస్ అధికారి కీటింజ్. తమ మనుషులు ఎలా బతుకుతున్నారో చూడడానికి ఇండియా నుంచి దొర కానివాడు రాయబారిగా పోవడం అప్పటికి అరుదు.

ఆ ప్రయాణంలో నాకు ఎప్పుడూ కళ్లముందు ఆడేది ఒక్కటే. గుత్తి మనిషి దిగిన ఊరు డెమరారాలోని జార్జ్‌టౌన్. పోటు వచ్చినప్పుడు సముద్రం కంటే నేల పల్లం. గోడ కట్టి సముద్రాన్ని ఆపాలి, కాలవలు తవ్వి వాన నీళ్లను బయటికి తోడాలి. చెరువులో బురద తేలితే బిందె పట్టుకుని పరిగెత్తే సీమ నుంచి పోయినవాడికి అడుగడుగునా నీళ్లే. కానీ తోటల్లోని కూలీలు తాగుతున్నది ఆ కాలవ నీళ్లే. కాపురం ఉంటున్నది బానిసల కాలం నాటి మాదిరి పొడుగాటి వరస ఇళ్లల్లో. రోగాలు, పసిపిల్లల చావులు, చాలీచాలని కూలీ. చట్టం చూస్తే అక్కడి భారతీయుడికి తెల్లవాడితో సమానంగా హక్కులున్నాయి, దక్షిణాఫ్రికాలో లాగా మీద పడే నిషేధాలు లేవు. ఈ తేడాను కూడా వాళ్లు గుర్తించారు. కాగితం మీద గయానా మేలు, గడప దాటి లోపలికి పోతే కాదు.

నివేదికలు రెండు వచ్చాయి. కీటింజ్ తనది వేరుగా, కొంచెం మెత్తగా రాసుకున్నాడు. 1924లో అచ్చయిన పిళ్లై, తివారిల నివేదిక కుండ బద్దలు కొట్టింది: అక్కడున్న మనవాళ్ల బతుకు ముందు బాగుచేయండి, అప్పుడు కొత్తవాళ్ల సంగతి మాట్లాడదాం. పంపింది ప్రభుత్వం, ఖర్చు ప్రభుత్వానిది, పనివాళ్లు కావాలని కాచుకున్నది సాటి బ్రిటిష్ వలస. ఎన్నేళ్లో ఫారెస్టు పుల్లరి మీద పోట్లాడిన మనిషి గనుకనేమో, కాగితం మీది వాగ్దానానికీ గార్డు చేతి కర్రకూ ఎంత దూరమో ఆయనకు తెలుసు. ఆ తర్వాత 1925లో మహారాజ్ సింగును మళ్లీ పంపి చూశారు. అయినా గయానా పెద్దలు కోరుకున్నట్టు ఓడలు నిండలేదు.

ఆ తర్వాత తెలుగువాళ్లలో ఈ బాట నడిచినవాళ్లున్నారు. మద్రాసులో మంత్రి పదవి చేసిన కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1929లో దక్షిణాఫ్రికాకు ఏజెంటుగా వెళ్లాడు. వి.వి. గిరి 1947లో సిలోనుకు హైకమిషనరయ్యాడు. వీళ్ల గురించి పుస్తకాలున్నాయి, విగ్రహాలున్నాయి. కేశవ పిళ్లై 1933లో పోయాడు. గుత్తిలో కోట చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువ, ఆయన పేరు అడిగేవాళ్లు తక్కువ.

ఆ మధ్య కదిరి బస్టాండులో కువైటుకు పోతున్న ఒకామెను సాగనంపడానికి వాళ్ల అమ్మ వచ్చింది. ఇంటి పని చేయడానికి పోతోంది. ఏజెంటు జీతం గురించి, టికెట్టు గురించి, ఫోను గురించి చెప్పుకుపోతున్నాడు. ముసలామె అన్నీ విని ఒకే మాట అడిగింది.

"ఆడ తాగే నీళ్లు ఎట్లుంటాయంట నాయనా?"

ఏజెంటు బస్సు వచ్చిందని లేచాడు.